పేర్లు మార్చిన ఫోన్

కిందటి వారం ఉమేరాను గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఎందుకలా కొయ్యబారిపోయిందో మరిచిపోయినవాళ్ళ కోసం, ఇవాళే కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి ఆమెను లోపలికి పంపిద్దాం.

చౌటుప్పల్‌లో హైవే పక్కన సాకిబ్‌కు సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం ఉంది. అతని చెల్లెలు ఉమేరా దుకాణం వెనకున్న ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద ఆటలు తయారుచేస్తుంది. తుపాకులు పేలే ఆటలు కావు, కార్లు గుద్దుకునేవీ కావు. ఆమె చేసిన ఆట పేరు ‘దొరికిన ఫోన్’. అది తెరవగానే మన ఫోన్ ఇంకొకరి ఫోన్‌గా మారిపోతుంది. ఎవరో తెలియని అమ్మాయి ఫోన్. ఆమె మెసేజీలు చదువుతూ, ఫోటోలు తిప్పుతూ, తల్లి పంపిన మాటలు వింటూ ఆ అమ్మాయి ఎవరో, ఏమైపోయిందో మనమే కనిపెట్టాలి. భాగాలు భాగాలుగా వస్తున్న ఆ ఆటకు వేలమంది అలవాటుపడ్డారు. ఆఖరి భాగం ఈ శుక్రవారం వస్తుందని అందరూ ఎదురుచూస్తున్నారు.

ఇంత సహజంగా ఎలా రాశావని అడిగినవాళ్ళందరికీ ఉమేరా ఒక నవ్వు నవ్వి ఊరుకుంది. తను రాస్తే కదా చెప్పడానికి! రిపేరుకిచ్చి మళ్ళీ తీసుకుపోవడానికి రాని ఫోన్ ఒకటి అన్న సొరుగులో పడి ఉంది. దాన్ని తెరిచింది. అందులో ఉన్న రూప అనే అమ్మాయి బతుకునంతా ఎత్తి ఆటలో పెట్టింది. పేర్లు మాత్రం మార్చింది.

కిందటి వారం చివర తలుపు చప్పుడైంది. హుజూర్‌నగర్ దిక్కు నుంచి బస్సు దిగి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు. అందులో పెద్దామె నోరు తెరిచి, “నేను సుక్కమ్మను మాట్లాడుతున్న” అంది. ఆ గొంతును, ఆ మాటను ఉమేరా చెవుల్లో పెట్టుకుని ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. రూప తల్లి గొంతు అది.

ఇక లోపలికి వెళ్దాం.

* * *

సుక్కమ్మ చెప్పులు బయటే విడిచి, కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గోడవారన చాప కనబడితే దాని మీద కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె వెంట వచ్చిన పడుచు పేరు శ్రీవాణి, పక్కింటి సైదమ్మ కోడలు. కొట్లాటకు వచ్చినదానిలా లేదు. తప్పేదో తానే చేసినట్టు నేల చూపులు చూస్తోంది.

“అక్కా, గీ ఆట మీదేనా?” అని తన ఫోన్ చూపించింది శ్రీవాణి. “నేను ఊకె పొద్దుపోనీకె ఆడుతున్న. మొన్న వాకిట్ల కూసొని, ఆటల అమ్మ మాటలు వస్తయి గదా, నవ్వొస్తదని సౌండు పెంచి పెట్టిన. గోడవతలి నించి పెద్దమ్మ ఉరికొచ్చింది. ‘ఏందే శ్రీవాణీ, గొంతు నాది గాదు గని ముచ్చట నాదే మోగుతుంది’ అన్నది. ఆట కింద మీ పేరు, చౌటుప్పల్ అని ఉన్నది. బస్టాండ్ల అడిగితే ఫోన్ల దుకాణం సాకిబ్ చెల్లె అని చూపిచ్చిండ్రు.”

ఉమేరా ఆ తెర వైపు చూసి చూపు తిప్పుకుంది. ఆ క్షణంలో నిజం చెప్పేస్తే కథ వేరే దారి పట్టేది. కానీ దొరికిపోయిన మనిషి మొదట వెతికేది తప్పించుకునే సందే కదా.

“అది ఊకె కథ పెద్దమ్మా. నేను రాసిన కథ. ఆటల పిల్ల పేరు మాధవి. తల్లి పేరు లచ్చమ్మ. మీ పేర్లు యాడ లెవ్వు” అంది.

పేర్ల సంగతి ఎవరూ అడగలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. సుక్కమ్మ ఆమె ముఖంలోకి చూసింది. కోపం లేని ఆ చూపును ఉమేరా నిలబడి భరించలేక, కిటికీ తెర సరిచేసే పని ఒకటి కల్పించుకుంది.

ఇక్కడ ఆ తల్లి మాటల సంగతి కొంచెం చెప్పాలి. సుక్కమ్మకు అక్షరం ముక్క రాదు. రూప చౌటుప్పల్‌లో ఒక మందుల కంపెనీలో చేరినప్పటి నుంచి, డ్యూటీలో ఫోన్ దగ్గర పెట్టుకోనివ్వరు కాబట్టి, ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. అందుకని శ్రీవాణే ఆమెకు మైకు బొమ్మ నొక్కిపట్టి మాట్లాడడం నేర్పింది. నొక్కిపట్టినంతసేపూ అవతల బిడ్డ వింటూ ఉందనే సుక్కమ్మ నమ్మకం. అందుకే ప్రతిసారీ ముందు తన పేరు చెప్పుకునేది. “అన్నం తిన్నవా?” అని అడిగి, బిడ్డ జవాబు చెప్పేంత సేపు ఆగేది. ఆగి, “ఆ, మంచిది” అని ఇంకో ముచ్చట ఎత్తుకునేది. తర్వాత అదంతా రికార్డింగు అని తెలిసినా ఆగడం మానలేదు. బిడ్డ అవతల జవాబు చెప్పుకుంటుంది, ఆమెకు జర జాగా ఇడవాలె గదా, అనేది.

ఉమేరా పేర్లు మార్చింది, ఊరు మార్చింది, ముఖాలు మార్చింది. ఆ ఖాళీలను మాత్రం మార్చలేదు. ఆటకు అందం వాటితోనే వచ్చిందని ఆమెకు తెలుసు. ఆడేవాళ్ళు పగలబడి నవ్వింది కూడా వాటికే.

లోపలి గదిలోంచి ఉమేరా తల్లి అన్వరీ బేగం నీళ్ళ చెంబు, గ్లాసులు పట్టుకుని వచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు నీళ్ళు, తర్వాత చాయ్, ఆ తర్వాతే పేరు అడగడం ఆమె పద్ధతి.

“ఎండల పడి వచ్చినట్టున్నరమ్మా. తాగుండ్రి. అన్నం తిన్నవా?”

సుక్కమ్మ చేతిలోకి తీసుకోబోయిన గ్లాసు అలాగే ఆగిపోయింది.

“గీ గొంతేనే శ్రీవాణీ! ఆటల గొంతు గిదే!”

అన్వరీ బేగం ముఖం వెలిగిపోయింది. నవ్వాలా ఏడవాలా అన్నట్టుంది చూసేవాళ్ళకు. “అరె, మీరు గూడ విన్నరా? ఆ, నేనే! మహబూబ్‌నగర్ నించి మా ఆడబిడ్డ గూడ ఫోన్ చేసి మెచ్చుకున్నది. గీ పిల్ల నన్ను రజాయి కప్పి కూసోపెట్టి చెప్పిచ్చింది, బయటి సప్పుడు రాకుంట. ఎండకాలంల రజాయి, సూడుండ్రి!” అని కూతురి వైపు మురిపెంగా చూసి, చెంబు కింద పెట్టి, కొంగు సర్దుకుని, అడక్కుండానే మొదలుపెట్టింది.

“నేను లచ్చమ్మను మాట్లాడుతున్న బిడ్డా. అన్నం తిన్నవా?” తల పక్కకు వంచి, వింటున్నట్టు ఆగింది. “ఆ, మంచిది. వంకర కొమ్ముల బర్రె ఈనింది బిడ్డా. దుడ్డెకు నీ పేరే పెట్టిన.”

“అమ్మీ, చాలు” అంది ఉమేరా. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆమె పని.

ఆ మాట అయిపోగానే ఆట ఆడేవాళ్ళు నవ్వుతారు. అన్వరీ బేగం కూడా నవ్వు కోసమే చూసింది. ఎవరూ నవ్వలేదు. సుక్కమ్మ గ్లాసు పక్కన పెట్టి, ఎవరి వైపూ చూడకుండా, ఆ మాటను అక్కడి నుంచే అందుకుంది.

“మీ బాపు కోపం చేసిండు, బర్రెకు బిడ్డ పేరేందని. చేస్తే చెయ్యనీ. పొద్దుమాపు నీ పేరు పెట్టి పిల్వనీకె నాకు ఇంకో సాకు ఏమున్నది బిడ్డా?”

అన్వరీ బేగం నవ్వు పెదాల మీదే ఉంది గానీ కళ్ళు కూతురి మీదికి తిరిగాయి.

“గిది నాకియ్యలే గదా నువ్వు. నువ్విచ్చినదాంట్ల దుడ్డె పేరు కాడికే అయిపోయింది.”

అవును, ఇవ్వలేదు. దుడ్డె పేరు దగ్గర జనం నవ్వుతారు, నవ్వు మీద ఆపితే బాగుంటుందని ఉమేరా ఆ తర్వాతి మాటను కోసేసింది. ఆ కోసేసిన ముక్క ఈ లోకంలో రెండు చోట్లే ఉంది. ఒకటి ఆ ఫోన్‌లో, ఇంకొకటి చెప్పిన మనిషి గుండెలో. అన్వరీ బేగం చదువుకున్నది మదరసాలో నాలుగు అక్షరాలే కానీ, అర్థం చేసుకోవడానికి ఆమెకు రెండో మాట అక్కరలేకపోయింది.

“నువ్వే రాసిన అన్నవ్ గదా బేటీ.”

ఉమేరా తల దించుకుంది.

“ఆగుమంటే ఆగిన. ఎందుకాగాలె అంటే, ‘ఆమె గట్లనే మాట్లాడుతది అమ్మీ’ అన్నవ్. నేనేమో నా బిడ్డ ఎంత ఆలోచించి రాసిందో అనుకొని ఇంటింటికి చెప్పుకున్న. ఇంకొక తల్లి మాటలు నా నోట్ల పెట్టి, నాతోటి తమాషా చేపిచ్చినవా?”

ఆమె గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. ఉమేరాకు చిన్నప్పటి నుంచి తల్లి అరుపులు తెలుసు, వాటికి జవాబులూ తెలుసు. ఇలా మెల్లగా మాట్లాడే తల్లికి ఏం చెప్పాలో తెలియలేదు. నేల చీలిపోతే బాగుండునని అంటారే, అది ఉత్త మాట కాదని అప్పుడే తెలిసింది.

అన్వరీ బేగం చాప మీద సుక్కమ్మ ఎదురుగా కూలబడి ఆమె రెండు చేతులు పట్టుకుంది. “నాకు తెల్వదమ్మా. అల్లా మీద ఒట్టు, నాకు తెల్వది. కథ అనుకొని చెప్పిన. మాఫ్ చెయ్యి.”

“నీ తప్పేమున్నది బేగమమ్మా” అంది సుక్కమ్మ. “మంచిగనే చెప్పినవ్. నా తీరుగనే ఆగినవ్.”

ఆ మెచ్చుకోలు వినలేక అన్వరీ బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

* * *

ఏడుపు విని దుకాణంలోంచి సాకిబ్ వచ్చాడు. సంగతి తెలుసుకుని చెల్లెల్ని ఒకే ఒక ముక్క అడిగాడు.

“ఫోన్ సొరుగులనే ఉందనుకున్న. నీ కాడుందా?”

ఉమేరా లోపలికి వెళ్ళి, బట్టల అల్మారాలో దుపట్టాల కింద నుంచి ఫోన్ తీసుకొచ్చింది. దాచిపెట్టిన చోటే ఆమె మనసు సంగతి చెబుతోంది. తప్పు కాదనుకున్న వస్తువును ఎవరైనా దుపట్టాల కింద దాస్తారా?

ఫోన్ వెనక తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి ఉంది. దాని మీద బాల్‌పెన్నుతో తొమ్మిది చుక్కలు, వాటిని కలుపుతూ ఒక వంకర గీత. ఏ రిపేరు దుకాణంలోనైనా ఇదే పద్ధతి. బాగుచేశాక పనిచేస్తుందో లేదో చూడాలి కాబట్టి, తాళం గీత ఎలా గీయాలో గిరాకీ చేతే రాయించి వెనక అంటిస్తారు. ఊళ్ళో అందరి ఇంటి తాళంచెవులూ అలా దుకాణం సొరుగులో వరసగా పడి ఉంటాయి. వాటిని ఎవరూ వాడరనే ధీమాతోనే జనం ఇచ్చిపోతారు. సాకిబ్ తండ్రి తాజుద్దీన్ బతికున్నరోజుల్లో అదే దుకాణంలో గడియారాలు బాగుచేసేవాడు. గిరాకీ వస్తువును అమానత్ అనేవాడు, అంటే నమ్మి దాచుకోమని ఇచ్చింది. గడియారం బాగుచెయ్యి, టైము పెట్టు, మూత పెట్టెయ్యి, అందులో ఎవరి పేరు చెక్కి ఉందో చదవకు అని కొడుక్కి చెప్పేవాడు. కూతురు కూడా అక్కడే కూర్చుని విన్నది.

సుక్కమ్మ ఆ ప్లాస్టరు మీద గీతను వేలితో తడిమింది.

“గిది నా బిడ్డ రాసిందేనా?”

“ఆమెనే రాసిందమ్మా” అన్నాడు సాకిబ్. “అద్దం పగిలితే ఏపిచ్చుకుంట అని ఇచ్చిపోయింది. మళ్ళ రాలే. ఇంకో నంబరుకు చేస్తే బంద్ ఉన్నది.”

“కిందటి దసరాకు ఇంటికొస్త అన్నది. రాలే” అంది సుక్కమ్మ. “కంపెనీల అడిగితే పని బందు పెట్టి పోయింది అన్నరు. రూముల అడిగితే ఖాళీ చేసింది అన్నరు. ఠాణాల రాసుకున్నరు. దాని బాపు అలిగి, దాని పేరెత్తితే అన్నం ముందర కెల్లి లేస్తుండు. నేను మీతోటి కొట్లాడనీకె రాలే బిడ్డా. నా మాటలు పదిమంది ఇంటే నాకేం పోదు. నా బిడ్డ ఉన్నదా, లేదా? గది ఒక్కటి చెప్పు. దాని ఫోను నీ కాడున్నది. అండ్ల ఏమన్న ఉంటే సూడు.”

ఉన్నదా, లేదా. ఆటలో అదే ప్రశ్న పెట్టి వేలమందిని ఆడించింది ఉమేరా. జనం రకరకాల ఊహలు రాస్తుంటే చదివి సంబరపడింది. ఆ ప్రశ్న అడగడానికి ఒక మనిషి ఇలా బస్సెక్కి వచ్చి చాప మీద కూర్చుంటుందని ఒక్కసారైనా అనుకోలేదు.

“యాడికి పోయిందో నాకు తెల్వదు అమ్మా” అంది. మొదటిసారి నిజం చెబుతోంది కాబట్టి మాట తడబడింది. “గని నీ మాటలకు ఆమె జవాబులు చెప్పింది. నీకు పంపలే. తనకు తనే పంపుకున్నది. అవ్వి అన్నీ గీ ఫోన్లనే ఉన్నయి.”

సుక్కమ్మకు అది అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె చాప మీద సర్దుకుని కూర్చుంది, ఎవరో పెద్దమనిషి ఇంటికి వస్తున్నట్టు.

“పెట్టు.”

ఉమేరా మొదటిది పెట్టింది. రూప గొంతు. పక్క మంచంలోవాళ్ళు వింటారని కాబోలు, గుసగుసగా ఉంది.

“తినలే అమ్మా. నువ్వు అడిగినప్పుడల్ల తిన్న అని బొమ్మ పెడుతున్న గదా, సగం దినాలు తినలే. గీడ కూర సప్పగుంటది. నీకు చెప్తే నువ్వు తొక్కు పట్టుకొని బస్సెక్కుతవ్. అందుకే చెప్త లేను.”

“ఇగ సూడు” అంది సుక్కమ్మ ఫోన్‌తో, “తినకుంటె ఎట్ల?” అని ఆగింది. ఫోన్ ఏమీ అనలేదు. సాకిబ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

తర్వాతిది పెట్టబోయి ఉమేరా వేలు ఆగిపోయింది. అది కంపెనీ గేటు ముచ్చట. ఆటలో మూడో భాగం దానితోనే ముగుస్తుంది. ఆడినవాళ్ళ గుండెల్ని పిండిన ఘట్టమని పేరు వచ్చింది.

“గిది వద్దులే అమ్మా. ఇంకోటి పెడ్త.”

“ఎందుకొద్దు? ఊరందరు విన్నరు. నేను వినొద్దా?”

ఉమేరా పెట్టింది.

“అమ్మా, గేటు కాడ నిన్ను మా ఊరామె అని చెప్పిన. పని అడగనీకె వచ్చింది అని చెప్పిన. నా దోస్తులు నీ చీర సూస్తున్నరు, నీ సంచి సూస్తున్నరు. నాకు షరమైంది. నువ్వు ఇన్నవ్. ఇని గూడ, ‘ఔ బిడ్డా, పని ఉంటే చెప్పు’ అన్నవ్. రొట్టెల సంచి నా చేతిల పెట్టి, ‘మీ అమ్మ పంపింది’ అన్నవ్. మీ అమ్మ పంపింది అన్నవ్ అమ్మా.” తర్వాత ఊపిరి చప్పుడు. “ఇప్పుడు నాకు గా షరం లేదు. నా మీద నాకే షరమైతుంది. ఏ ముఖం పెట్టుకొని రావాలె?”

సుక్కమ్మ ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. ఏడవలేదు.

“పిస్సదానా” అంది చివరికి. “నాకు గక్కడ దుక్కం రాలే బేగమమ్మా. దీనికి ఎందరు దోస్తులు ఉన్నరు, ఎంత మంచిగున్నదీ నా బిడ్డ అనుకున్న. దాని నలుగురిల దాని తల ఒంగొద్దు అనే గట్లన్న. బస్సెక్కినంక జర వచ్చింది దుక్కం. సూర్యాపేట దాటినంక అది గూడ పోయింది. గింత ముచ్చటకు ఇల్లు ఇడుస్తరా ఎవరన్న?”

ఉమేరాకు అప్పుడు చెంప మీద కొట్టినట్టయింది. ఆ ఘట్టాన్ని ఆమె ఎంత కష్టపడి మలిచిందో! వెనక సన్నగా సంగీతం పెట్టింది. తల్లి తెల్లముఖం వేసుకుని పోతున్న బొమ్మ గీయించింది. కూతురు కఠినురాలు, తల్లి అమాయకురాలు అని జనం తేల్చుకునేలా చేసింది. ఆ తల్లి అమాయకురాలు కాదు. అన్నీ తెలిసి, బిడ్డ అబద్ధాన్ని తన భుజాన వేసుకుని బస్సెక్కిన మనిషి. అది ఉమేరాకు తట్టనే లేదు. ఫోన్‌లో లేనిదేదీ ఆమెకు కనిపించలేదు.

మూలన కూర్చున్న శ్రీవాణి ఒక్కసారిగా వెక్కింది.

“పెద్దమ్మా, నేను గూడ తిట్టిన” అంది. “గా ముచ్చట అయినంక ఆట కింద అందరు తిట్టుకుంట రాస్తున్నరు. ‘ఇసొంటి బిడ్డ చచ్చినా నయమే’ అని ఎవరో రాస్తే నేను గూడ ఔ అని రాసిన. రూప అని నాకు తెల్వది గదా. మాధవి అనుకున్న.”

సుక్కమ్మ ఆమె వైపు తిరిగింది. “చచ్చినా నయమే అన్నవా?”

శ్రీవాణి లేచి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఆ తిట్లను రాసింది శ్రీవాణి ఒక్కతే కాదు. వందల మంది రాశారు. ఎంత ఎక్కువ తిడితే ఆట అంత బాగా నడుస్తోందని ఉమేరా వాటన్నిటినీ పైకి తెచ్చి పెట్టింది, అందరికీ కనబడేలా. పేర్లు మార్చాను కదా, ఎవరికి నష్టం అని అనుకున్నది. పేరు మారిస్తే తిట్టు తగలకుండా పోతుందా?

“ఇంకోటి ఉన్నది గదా” అంది సుక్కమ్మ. “శ్రీవాణి చెప్పింది, ఆఖరుది శుక్రారం వస్తదట. అండ్ల యాడికి పోయిందో తెలుస్తదట.”

ఉన్నది. అది ఉమేరా ఒక్కతే విన్నది. రూప ఎక్కడికి పోయిందో అందులోనూ లేదు, అయినా తల్లి ముందు అది పెట్టే ధైర్యం ఆమెకు లేదు. ఆమె చేతిలోంచి సాకిబ్ ఫోన్ అందుకున్నాడు. తెర పైన, నెట్టు బంద్ చేసి ఉందని చెప్పే విమానం గుర్తు చూసి చెల్లెలి ముఖంలోకి చూశాడు. నెట్ తగిలితే సొంతదారు తన ఫోన్ ఎక్కడుందో కనుక్కోగలదు. ఆ సంగతి ఫోన్ల దుకాణం పిల్లకు తెలియనిది కాదు. అందుకే తెచ్చుకున్న రోజు నుంచీ దాన్ని లోకంతో తెంచి ఉంచింది.

“దాసింది చాలు” అన్నాడు సాకిబ్. “గా పిల్ల దీన్ని దేవులాడుతుందేమో, కనవడనీ.” గుర్తు తీసేసి, ఇంటి నెట్టు కలిపి, ఫోన్‌ను సుక్కమ్మ ఒళ్ళో పెట్టాడు. దుకాణం ముందు ఎవరో అప్పటికే పిలుస్తున్నారు. అతను తల వంచుకుని బయటికి నడిచాడు.

ఫోన్ కాసేపు ఊరికే ఉంది. తర్వాత ఒక్కసారిగా వణికింది. పాత మెసేజీల చప్పుళ్ళు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ వెంటనే తెర నల్లబడింది. తాళం పడింది. తాళం గీత గీసే తొమ్మిది చుక్కలకు బదులు తెల్లటి అక్షరాలు వచ్చాయి. పోయిన ఫోన్‌కు సొంతదారు ఎంత దూరం నుంచైనా తాళం వేసి, దొరికినవాళ్ళ కోసం తెర మీద ఒక మాట రాసి పెట్టవచ్చు. నెట్ తగిలేదాకా ఆ మాట ఎన్నాళ్ళైనా ఎదురుచూస్తుంది.

ఉమేరా వంగి చదివింది.

‘నేను రూపను. మీ ఆట ఆడిన. కింద రాసినవన్నీ చదివిన. ఆఖరుది మా అమ్మకు వినిపియ్యకుండ్రి. నేను బతికున్నట్టు గూడ చెప్పకుండ్రి. చచ్చినా నయమే అన్నరు గదా, అట్లనే అనుకోనియ్యుండ్రి.’

బతికే ఉంది. ఆ సంతోషం ఒక్క క్షణం నిలిచి, మిగతా మాటల కింద పడి నలిగిపోయింది. ఇన్నాళ్ళూ అడక్కుండా ఆ అమ్మాయి ముచ్చటలన్నీ ఊరందరికీ చాటింది ఉమేరా. ఇవాళ ఆమె మొదటిసారి నోరు తెరిచి ఒకటి అడిగింది: ఇది ఒక్కటి దాచిపెట్టు. ఆ కోరిక మన్నించాలంటే ఈ తల్లి కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పాలి. మన్నించకపోతే ఇంకోసారి దొంగ కావాలి.

అన్వరీ బేగం తొంగిచూసింది గానీ ఆమెకు ఉర్దూ అక్షరాలే వచ్చు. శ్రీవాణి బయట వసారాలో ఉంది. ఆ గదిలో ఆ మాటను చదవగలిగింది ఒక్క ఉమేరాయే.

సుక్కమ్మ ఫోన్‌ను రెండు చేతులతో ఎత్తి పట్టింది, అక్షరాలు ఉమేరాకు బాగా కనబడాలని.

“ఏమని ఉన్నది బిడ్డా? నా బిడ్డ రాసిందేనా? ఉన్నదా అది?”

అడిగి, ఎప్పటిలాగే ఆగింది. అలా ఆగిన ప్రతిసారీ కొంచెం సేపటికి తనే “ఆ, మంచిది” అనుకునే మనిషి. ఈసారి అనుకోలేదు. ఉమేరా నోటి వైపే చూస్తూ కూర్చుంది.